స్లీవా, బైపాసా, మినీ బైపాసా? షుగరు, ఛాతీలో మంట, రక్తహీనత మూడూ ఉన్నప్పుడు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. ఆరేళ్లుగా షుగరుకు మాత్రలు వాడుతున్నాను, ఇన్సులిన్ లేదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 8.6, హిమోగ్లోబిన్ 10.2. రాత్రి పడుకుంటే గొంతులోకి పుల్లగా వస్తుంది. మేము శాకాహారులం. సొంత ఊరు నెల్లూరు, ఉండేది చెన్నై వేళచ్చేరిలో. బరువు తగ్గే ఆపరేషన్ కోసం వెళితే ఒక ఆసుపత్రిలో స్లీవ్ అన్నారు, ఇంకో చోట మినీ బైపాస్ అన్నారు. మా మరిది బెలూన్ చాలంటాడు. మా పక్కింటావిడ స్లీవ్ చేయించుకుని ఏడాదిలో 45 కిలోలు తగ్గింది. నాకు ఏది మంచిది? ఆపరేషన్ కాగానే నెల్లూరులో అమ్మ దగ్గరకు వెళ్లి ఉండవచ్చా?

సమాధానం:

ముందుగా నా సంగతి. చెన్నైలో బరువు తగ్గించే శస్త్రచికిత్సల బృందంతో చాలా ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. కత్తి పట్టేది నేను కాదు. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు, తర్వాత ఏళ్ల తరబడి మనుషులను చూసేది మాత్రం మా వాళ్లమే. ఏ ఆపరేషన్ ఎవరికి సాఫీగా సాగింది, ఎవరికి తంటా తెచ్చింది అన్నది మా గదిలో బాగా తెలుస్తుంది. మీకు ఏది చేయాలన్నదానిపై చివరి మాట మిమ్మల్ని పరీక్షించిన సర్జన్‌దే. ఆయనను ఏమి అడగాలో, ఏ జవాబు విని ఒప్పుకోవాలో, ఏ జవాబు విని లేచి రావాలో నేను చెబుతాను.

మీ వివరాల్లో అందరి చూపూ 104 మీద పడుతుంది. నా చూపు మాత్రం రాత్రిపూట గొంతులోకి పుల్లగా రావడం దగ్గర ఆగింది. మీరు దాన్ని ఒక్క ముక్కలో దాటేశారు. మీ విషయంలో స్లీవా, బైపాసా అన్నది తేల్చేది ముందుగా అదే. ఆ తర్వాత షుగరు, ఆ తర్వాత హిమోగ్లోబిన్. మూడూ కలిపి చూస్తే, రెండు ఆసుపత్రుల్లోనూ ఎవరూ ఎత్తని మూడో ఆపరేషన్ ఒకటుంది, దాని గురించి మీరు గట్టిగా అడగాలి: రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్.

స్లీవ్‌తో మొదలుపెడతాను. జీర్ణాశయాన్ని నిలువునా స్టేప్లర్‌తో కత్తిరించి, బయటి వంపు వైపున్న 75 నుంచి 80 శాతం భాగాన్ని తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఒక సన్నటి గొట్టం. పేగుల జోలికి వెళ్లరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే కాబట్టి మొదటి నెలల్లో ఆకలి బాగా తగ్గుతుంది. బైపాస్ కంటే తక్కువ సమయంలో అయిపోతుంది, పేగుల్లో అతుకులు ఉండవు. మన దేశంలోనే కాదు, ప్రపంచం మొత్తం మీద ఇప్పుడు ఎక్కువగా చేసేది ఇదే. సర్జన్ చేతికి బాగా అలవాటైన ఆపరేషన్ ఆయన నోట మొదట వస్తుంది, అందులో కుట్రేమీ లేదు.

చిక్కంతా ఆ గొట్టంలోనే ఉంది. పొట్ట పెద్ద సంచిగా ఉన్నప్పుడు తిన్నది, ఆమ్లం అందులో సర్దుకుంటాయి. సన్నటి గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. పేగులోకి తెరుచుకునే పొట్ట కింది మూత ఎప్పటిలా బిగుతుగానే ఉంటుంది కనుక లోపలిది పైకి, అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. స్విట్జర్లాండ్‌లో స్లీవ్‌నూ రూ-ఎన్-వై బైపాస్‌నూ పోల్చిన ఎస్‌ఎం-బాస్ అధ్యయనం అయిదేళ్ల ఫలితాలు 2018లో వచ్చాయి. ఛాతీలో మంట పూర్తిగా పోయినవారు స్లీవ్ తర్వాత 25 శాతం, బైపాస్ తర్వాత 60 శాతం. మంట ఇంకా ముదిరినవారు స్లీవ్‌లో సుమారు 32 శాతం, బైపాస్‌లో 6 శాతం. ఫిన్లాండ్‌లోని స్లీవ్‌పాస్ అధ్యయనంలో పదేళ్ల తర్వాత ఎండోస్కోపీ చేసి చూస్తే, స్లీవ్ చేయించుకున్నవారిలో 31 శాతం మందికి అన్నవాహిక ఒరుసుకుపోయి ఉంది. బైపాస్ వారిలో 7 శాతం మందికే. ఇప్పటికే రాత్రిళ్లు గొంతుదాకా పులుపు వస్తున్న మనిషికి ఈ అంకెలు చూపించకుండా స్లీవ్‌కు తేదీ ఇస్తే, అది నాకు నచ్చదు.

మీకు ఎండోస్కోపీ చేశారో లేదో రాయలేదు. చేయకపోతే ఆపరేషన్ తేదీ తీసుకోకండి. చేసి ఉంటే రిపోర్టు తీసి మూడు విషయాలు చూడండి. హయాటస్ హెర్నియా (పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం) అని ఉందా? ఉంటే ఎన్ని సెంటీమీటర్లు? ఈసోఫగైటిస్, అంటే అన్నవాహిక ఒరుసుకుపోయిందని రాసి, పక్కన దాని తీవ్రత చెప్పే ఎల్ఏ గ్రేడ్ ఎ, బి, సి, డిలలో ఏదైనా రాశారా? సి లేదా డి అయితే స్లీవ్ మాట మరచిపోవచ్చు. బ్యారెట్స్ (అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) అన్న మాట కనిపిస్తే కూడా అంతే. మూడోది పొట్టలో పుండ్లు తెచ్చే హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా పరీక్ష. అది ఉంటే ఆపరేషన్‌కు ముందే మందులతో పోగొట్టాలి, ముఖ్యంగా బైపాస్ చేయించుకునేవాళ్లు.

ఇక్కడ ఒక మాట. మా గదిలో కూర్చుని ‘నాకు గ్యాస్ సమస్య అసలు లేదండీ’ అని చెప్పి, మందుల చీటీ చూపించమంటే పరగడుపున పాంటాప్రజోల్ మూడేళ్లుగా వేసుకుంటున్నవారు ఎంతోమంది. మాత్రతో అణిగిన మంటను లేని మంటగా లెక్కపెట్టుకుంటారు. మీరు కూడా అలాంటి మాత్ర వాడుతుంటే సర్జన్‌కు తప్పక చెప్పండి, అడగకపోయినా చెప్పండి.

రూ-ఎన్-వై బైపాస్‌లో పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మాత్రం వదిలి, మిగతా పొట్టను వేరు చేస్తారు. దాన్ని తీసేయరు, లోపలే ఉంటుంది. చిన్నపేగును ఒకచోట కోసి, కింది కొసను పైకి తెచ్చి ఆ చిన్న సంచికి అతుకుతారు. పైత్యరసం తెచ్చే రెండో కొసను ఇంకా కిందకు, మరో అతుకుతో కలుపుతారు. అంటే అతుకులు రెండు. ఆమ్లం తయారుచేసే పొట్ట దారిలో లేదు, పైత్యరసం ఎక్కడో కింద కలుస్తోంది. అందుకే ఛాతీలో మంటకు దీన్ని మించిన బరువు ఆపరేషన్ లేదు. స్లీవ్ తర్వాత మంట భరించలేక రెండోసారి ఆపరేషన్‌కు వచ్చేవారికి చాలామటుకు చేసేది కూడా దీన్నే. ఎలాగూ అక్కడికే చేరేటట్టయితే రెండుసార్లు మత్తు ఎందుకు?

షుగరు విషయంలోనూ బైపాస్‌దే కాస్త పైచేయి. అమెరికాలో 150 మందితో జరిగిన స్టాంపీడ్ అధ్యయనంలో అయిదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ 6 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవారు మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం, స్లీవ్ చేయించుకున్నవారిలో 23 శాతం, బైపాస్ చేయించుకున్నవారిలో 29 శాతం. ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. ఆపరేషన్ మందులను ఎంతో వెనక్కి నెట్టింది, నిజమే. అయితే ‘షుగరుకు శాశ్వత పరిష్కారం’ అని బోర్డుల మీద రాసేంత గొప్పగానూ లేదు. షుగరు వచ్చి ఎక్కువ ఏళ్లు కానివారికి, ఇన్సులిన్ దాకా రానివారికి ఫలితం మెరుగ్గా ఉంటుంది. ఆరేళ్లు, మాత్రలతోనే అంటే మీరు మంచి వైపే ఉన్నారు. సి-పెప్టైడ్ అనే రక్తపరీక్ష చేయిస్తే మీ క్లోమం ఇంకా ఎంత ఇన్సులిన్ ఇస్తోందో తెలుస్తుంది. మాత్రలు పూర్తిగా మానేస్తానన్న ఆశతో కాకుండా, సగానికి తగ్గినా లాభమే అన్న లెక్కతో వెళ్లండి.

ఇక మీ రెండో ఆసుపత్రి చెప్పిన మినీ బైపాస్. అమెరికా సర్జన్ రాబర్ట్ రట్లెడ్జ్ 1997లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పొట్టను పొడవాటి గొట్టంలా చేసి, చిన్నపేగును మొదటి నుంచి 150 లేదా 200 సెంటీమీటర్లు కొలిచి, అక్కడ లూపుగా పైకి తెచ్చి ఒకే అతుకు వేస్తారు. ఒకే అతుకు కాబట్టి తొందరగా అవుతుంది. బరువు తగ్గడంలో, షుగరు తగ్గడంలో బైపాస్‌కు తీసిపోదు. మన దేశంలో దీనికి మంచి పేరే ఉంది, చేయి తిరిగిన సర్జన్లు కూడా ఉన్నారు. చెడ్డ ఆపరేషన్ అని నేను అనను.

మీకు వద్దు అనిపించడానికి నా కారణాలు రెండు. ఒకటి, పైత్యరసం ఆ అతుకు పక్కనుంచే వెళుతుంది. కొందరిలో అది పైకి, పొట్టలోకీ అన్నవాహికలోకీ తిరుగుతుంది. ఆమ్లానికి మాత్రలున్నాయి, పైత్యానికి అంత నమ్మకమైన మాత్ర లేదు. రెండోది, దీనికే ఎక్కువ బరువిస్తాను: మీరు శాకాహారి, హిమోగ్లోబిన్ 10.2. ఆహారం తగలకుండా దాటవేసే పేగు ఎంత పొడవైతే ఇనుము, ప్రొటీన్, విటమిన్లు అంత తక్కువగా ఒంటపడతాయి. ఫ్రాన్స్‌లో జరిగి 2019లో వెలువడిన యోమెగా అధ్యయనంలో 200 సెంటీమీటర్ల మినీ బైపాస్ బరువు తగ్గించడంలో రూ-ఎన్-వైకి సమానంగా నిలిచింది, కానీ పోషకాహార సంబంధమైన తీవ్ర సమస్యలు దానిలోనే ఎక్కువగా కనిపించాయి. బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) 50 దాటి, ఛాతీలో మంట లేకుండా, గుడ్లూ చేపలూ తినే మనిషి అడిగి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. మినీ బైపాసే చేస్తామని వాళ్లు పట్టుబడితే ‘ఎన్ని సెంటీమీటర్లు వదిలేస్తారు? మొత్తం చిన్నపేగు పొడవు కొలుస్తారా?’ అని అడగండి. అందరికీ 200 అని నోటికి వచ్చినట్టు చెబితే ఆ చోటు వద్దు. మీకు ఎంత పొడవు, ఎందుకు అని వివరించి చెబితే మరోసారి ఆలోచించవచ్చు.

బైపాస్‌కు కూడా కష్టాలున్నాయి, దాచను. ఇనుము ఎక్కువగా ఒంటపట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. అన్నం ఇకపై ఆ దారిన వెళ్లదు. ఇప్పటికే రక్తం తక్కువగా ఉన్న స్త్రీకి నెలసరి ఎక్కువగా అవుతూ ఉంటే, ఆపరేషన్ తర్వాత ఏడాదిలో హిమోగ్లోబిన్ 8కి దిగడం పెద్ద వింత కాదు. అందుకని ముందు ఆ 10.2 ఎందుకుందో తేల్చుకోండి. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, బి12 పరీక్షలు చేయించండి. నెలసరి ఎక్కువైతే స్త్రీవైద్య నిపుణురాలిని కలిసి దాని సంగతి చూడండి. మాత్రలతో లేవకపోతే ఇనుమును సెలైన్‌లో ఎక్కించి, హిమోగ్లోబిన్ 12 దగ్గరకు వచ్చాక ఆపరేషన్‌కు వెళ్లండి. దీనికి రెండు మూడు నెలలు పట్టినా పరవాలేదు. బరువు ఎక్కడికీ పారిపోదు.

అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఇంకొకటి. నొప్పి మాత్రలు దాన్ని తెస్తాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఇక జీవితంలో వద్దు. మోకాళ్ల నొప్పులని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకునే అలవాటు మీ ఇంట్లో ఉంటే, ఇది గోడమీద రాసి పెట్టుకోవలసిన సంగతి. పారాసిటమాల్ వాడుకోవచ్చు. ఇంకా, బైపాస్ అయిన ఎన్నేళ్లకైనా పొట్టలో హఠాత్తుగా మెలిపెట్టే నొప్పి వస్తే గ్యాస్ అని జీలకర్ర నీళ్లు తాగి కూర్చోకూడదు. పేగు లోపలి సందులో ఇరుక్కుని ఉండవచ్చు, అదే రోజు స్కాన్ తీయాలి. స్వీట్లు ఎక్కువ తింటే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కాసేపు పడుకోవలసి వస్తుంది. దీన్ని డంపింగ్ అంటారు. మైసూర్‌పాకు దగ్గర చేయి ఆగని వారికి ఇది శాపమా వరమా అన్నది మీరే తేల్చుకోవచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా పొట్ట క్యాన్సర్ వచ్చి ఉంటే ముందే చెప్పండి, ఎందుకంటే వేరు చేసి వదిలేసిన పొట్టలోకి మామూలు ఎండోస్కోపీ వెళ్లదు. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చిన చరిత్ర ఉన్నా చెప్పాలి, బైపాస్ తర్వాత అవి పెరిగే అవకాశం ఉంది.

మీ మరిదిగారి బెలూన్ సంగతి క్లుప్తంగా. పొట్ట లోపల ఉబ్బించి పెట్టిన బెలూన్‌ను మామూలుగా ఆరు నెలలకు తీసేస్తారు, మింగే రకమైతే సుమారు నాలుగు నెలలకు తానే పోతుంది. తీశాక చాలామందికి బరువు తిరిగి వస్తుంది. మత్తు ఇవ్వడమే ప్రమాదమనిపించేంత బరువున్నవారిని ఆపరేషన్‌కు సిద్ధం చేయడానికి దాని ఉపయోగం వేరే ఉంది. 104 కిలోలు, ఆరేళ్ల షుగరు ఉన్న మీకు అది డబ్బు దండగ. పొట్ట చుట్టూ పట్టీ వేసే బ్యాండ్‌ను ఇప్పుడు దాదాపు వదిలేశారు. పేగును ఇంకా పొడవుగా దాటవేసే డుయోడినల్ స్విచ్ మీ హిమోగ్లోబిన్‌కు పనికిరాదు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి మీరు అడగలేదు, కానీ ఇప్పుడు ఆ మాట ఎత్తకుండా ఈ సలహా పూర్తి కాదు. 2025లో మన దేశంలో మౌంజారో, వెగోవి రెండూ వచ్చాయి. మౌంజారోలోని టిర్జెపటైడ్‌తో షుగరు ఉన్నవారు పెద్ద మోతాదులో సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. మీ లెక్కలో అది 15, 16 కిలోలు. ఆపరేషన్ అంటే భయం పోకపోతే ఎండోక్రైనాలజిస్టును కలిసి ముందు ఇది ప్రయత్నించడంలో తప్పులేదు. రెండు షరతులు. ఆపేస్తే బరువు తిరిగి వస్తుంది, కాబట్టి ఏళ్ల తరబడి నెలనెలా ఖర్చు పెట్టగలరా చూసుకోండి. ఇవి పొట్ట ఖాళీ అయ్యే వేగం తగ్గిస్తాయి కాబట్టి మీ పులుపు మొదట్లో ఇంకా పెరగవచ్చు. ఆపరేషన్‌కు వెళ్లేముందు ఇవి వాడుతుంటే మత్తు డాక్టరుకు చెప్పడం మరవద్దు. షుగరు మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉన్నా చెప్పాలి. వాటిని ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే ఆపుతారు.

ఇప్పుడు పక్కింటావిడ 45 కిలోలు. ఆవిడ ఎంత బరువుతో మొదలుపెట్టారో మీరు చెప్పలేదు. 150తో మొదలైతే 45 మామూలే. ఆసుపత్రిలో ‘70 శాతం తగ్గుతారు’ అంటే చాలామంది 104లో 70 శాతం అనుకుని లోలోపల మురిసిపోతారు. వాళ్లు చెప్పేది అదనపు బరువులో 70 శాతం. మీ ఎత్తుకు బీఎంఐ 25 అంటే 62 కిలోలు. అదనపు బరువు సుమారు 42 కిలోలు. అందులో 70 శాతం 29 కిలోలు. అంటే ఏడాది, ఏడాదిన్నరలో మీరు 75 కిలోల దగ్గర ఉంటారు, అదీ అన్నీ సవ్యంగా జరిగితే. ఆ తర్వాత కొంత తిరిగి వస్తుంది. నేను పైన చెప్పిన ఫిన్లాండ్ అధ్యయనంలో పదేళ్లకు అదనపు బరువులో స్లీవ్ వారికి 43.5 శాతం, బైపాస్ వారికి 50.7 శాతం తగ్గుదల నిలిచింది. మీ లెక్కలో 18 కిలోలు, 21 కిలోలు. తేడా మూడు కిలోలే. అందుకే బరువు ఒక్కటే చూసి స్లీవా బైపాసా అని కొట్టుకోవడం నాకు అర్థం కాదు. ఛాతీలో మంట ఉందా, షుగరు ఎంత, రక్తం ఎంత, మాత్రలు వేసుకుంటారా అన్నవి అంతకంటే పెద్ద తేడాలు.

మాత్రల సంగతి మీ మనసులో మీరే తేల్చుకోవాలి. మల్టీవిటమిన్, కాల్షియం సిట్రేట్, విటమిన్ డి, బి12, వీటితో పాటు నెలసరి ఉన్నంతకాలం రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము. జీవితాంతం. స్లీవ్ అయినా మాత్రలు తప్పవు, బైపాస్‌లో మానేస్తే శిక్ష త్వరగా పడుతుంది, అంతే తేడా. ఇనుమునూ కాల్షియంనూ ఒకేసారి వేసుకోకూడదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. పొద్దున్నే ఫిల్టర్ కాఫీతో ఇనుము మాత్ర మింగడం చెన్నైలో నేను రోజూ చూసే పని. కాఫీ, టీ ఇనుమును ఒంటపట్టనివ్వవు. కాఫీ పొద్దున తాగండి, ఇనుము రాత్రి పడుకునే ముందు నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోండి. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటా రక్తపరీక్షలు. ‘బాగానే ఉన్నాను కదా’ అని మూడో ఏట రావడం మానేసినవారే అయిదో ఏట జుట్టు ఊడి, కాళ్లు తిమ్మిరెక్కి, నీరసంగా వచ్చి కూర్చుంటారు. మూడో నెల నుంచి ఆరో నెల వరకు చాలామందికి జుట్టు కాస్త రాలుతుంది, దానికి కంగారు వద్దు, తిరిగి వస్తుంది.

తిండి విషయంలో శాకాహారులకు అసలు పరీక్ష ప్రొటీన్. రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదు. మన ఇళ్లలో పలచటి చారు, పెరుగన్నం, ఉప్మా, ఇడ్లీ తేలికపాటి ఆహారం అంటారు. ఆపరేషన్ అయిన మనిషికి అమ్మ ప్రేమగా పెట్టేది కూడా అదే. ఒక ఇడ్లీలో ప్రొటీన్ రెండు గ్రాములు. మీ పొట్ట ఆ పూటకు ఒక ఇడ్లీతోనే నిండిపోతే మిగతా 58 గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే మొదటి నెలల్లో పాల విరుగుడు తేట నుంచి తీసే వే ప్రొటీన్ పొడి తప్పదు. తర్వాత ముందు పనీర్, గట్టి పెసరపప్పు, మీల్‌మేకర్, శనగలు తినాలి, అన్నం చివర. పప్పుచారులో పప్పు అడుగున ఉంటుంది, మీకు కావలసింది అదే, పైన తేట కాదు. మొదటి రోజుల్లో కొలత ఎలా ఉంటుందంటే, మందు సీసా మీద వచ్చే 30 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ మూత తీసుకుని, మజ్జిగ తేటను అందులో పోసి, పావుగంటకు ఒక మూత చొప్పున గుటక గుటకగా తాగడం. గడియారం ముందు పెట్టుకుని కూర్చుంటారు. గబగబా తాగితే ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టు నొక్కేసి వెనక్కి వచ్చేస్తుంది, రెండోసారి ఎవరూ ఆ పని చేయరు.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు తక్కువ క్యాలరీల ఆహారం ఇస్తారు. కొవ్వు పట్టిన కాలేయం ఆ రెండు వారాల్లో తగ్గి, సర్జన్‌కు దాని కిందున్న పొట్ట కనిపిస్తుంది. ‘రేపటి నుంచి ఏమీ తినలేను కదా’ అని ఆ రెండు వారాల్లోనే పెళ్లి భోజనాలకు వెళ్లేవారున్నారు. దయచేసి వద్దు. ఈ రెండు వారాల్లో షుగరు మాత్రల మోతాదు కూడా మార్చాలి, లేకపోతే షుగరు పడిపోతుంది.

డబ్బు, బీమా. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉన్నా, 35 దాటి అదుపులో లేని షుగరు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), గుండెజబ్బు లాంటివి ఉండి ఇతర పద్ధతులు ఫలించకపోయినా పాలసీ ఖర్చు ఇవ్వవచ్చు. మీ బీఎంఐ 41.7. మొదటిసారి చూపించుకున్న రోజు ఎత్తు, బరువు డాక్టరు చీటీ మీద రాయించుకోండి. ఇంతకుముందు డైటింగ్ చేసిన కాగితాలు, షుగరు రిపోర్టులు ఒక ఫైలులో పెట్టండి. మీ పాలసీలో ఈ ఆపరేషన్‌కు వెయిటింగ్ పీరియడ్ ఎంతో చూడండి. ప్యాకేజీ చెప్పినప్పుడు స్టేప్లర్ కార్ట్రిడ్జ్‌లు అందులో కలిసే ఉన్నాయా, స్టేపుల్ వేసిన చోట లీకు వచ్చి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిది అన్న రెండు ప్రశ్నలూ తప్పక అడగండి. గురక బాగా వచ్చే మనిషైతే నిద్రపరీక్ష కూడా ముందే అవ్వాలి.

సర్జన్‌ను అడగవలసినవి ఇవి: ఏడాదికి రూ-ఎన్-వై ఎన్ని చేస్తారు? రాత్రిపూట ఐసీయూలో డాక్టరు ఉంటారా? స్లీవ్ తర్వాత మంట వస్తే మీరేం చేస్తారు? ‘మేం స్లీవే చేస్తాం, అందరికీ బాగానే ఉంది’ అన్నవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి. చెన్నై శివారులోని ఒక ఆసుపత్రిలో 2024లో ఈ రకం ఆపరేషన్‌కు వెళ్లిన ఒక యువకుడు చనిపోయాడు, ఆసుపత్రి అనుమతిని తాత్కాలికంగా నిలిపివేశారు. అనుభవమున్న చోట్ల ఈ ఆపరేషన్లలో ప్రాణాపాయం వెయ్యి మందిలో ఒకరికో, అంతకన్నా తక్కువో. పిత్తాశయం తీసే ఆపరేషన్‌ను మించిన గండమేమీ కాదు. కానీ ఆ మాట అన్ని వసతులున్న చోటికే వర్తిస్తుంది. బంధువులెవరైనా ‘ఫలానా నటి కొవ్వు తీయించుకుని పోయింది’ అని భయపెడితే, అది లైపోసక్షన్, చర్మం కింది కొవ్వును పీల్చే వేరే పని అని చెప్పండి.

చివరగా మీ నెల్లూరు ప్రశ్న. మొదటి మూడు వారాలు వేళచ్చేరిలోనే ఉండండి, అమ్మగారినే ఇక్కడికి రప్పించుకోండి. స్టేపుల్ వేసిన చోట లీకు వస్తే చాలావరకు మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. కూర్చుని ఉండగా నాడి 120 దాటడం, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, ఒక్క కాలు వాచడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లాలి. మూడు గంటల ప్రయాణ దూరంలో ఉంటే ఆ పని కాదు. ఆ తర్వాత వెళ్లండి, రైల్లో గంటకోసారి లేచి నడవండి. అక్కడ ఉండగా వాంతులు రెండు రోజులకు మించి ఆగకపోతే దగ్గర్లోని క్లినిక్‌లో గ్లూకోజ్ సెలైన్ బాటిల్ పెట్టేస్తారు. దానికి ముందు థయమిన్, అంటే విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇవ్వాలి. లేకపోతే నడక తడబడి, చూపు రెండుగా కనిపించి, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ‘గ్లూకోజ్‌కు ముందు థయమిన్’ అన్న ఈ ఒక్క మాటను మీ డిశ్చార్జ్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని, అమ్మగారి ఫోనులో ఫొటో తీసి పెట్టండి.